ఒకటిన్నర సెంటులో అయిదు కోళ్లు: గూడు, టీకా, గుడ్డు, హక్కు

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఏ ఆదిఆంధ్రవాడకు వెళ్లినా, ఏ అరుంధతివాడకు వెళ్లినా ఇంటి ముందు బోర్లించిన కోళ్లగంప కనిపిస్తుంది. ఆవును మేపాలంటే గడ్డి కావాలి, గడ్డికి భూమి కావాలి. కోడి వాకిట్లో ఏరుకుని బతుకుతుంది. అందుకే భూమి లేని కుటుంబంలో ఆడమనిషి సొంతంగా అమ్ముకోగలిగే ఆస్తి చాలా ఇళ్లల్లో నాలుగు కోళ్లే. పిల్లకు జ్వరం వస్తే, బడి తెరిచేటప్పుడు పుస్తకాలు కొనాల్సి వస్తే, ఎవరినీ అడగకుండా ఆమె ఒక పుంజును అమ్ముతుంది.

ఇదే మాటను అధికారులు ఇంకోలా చెబుతారు: "భూమి లేకపోయినా కోళ్లు పెంచుకోవచ్చు కదా!" అందులో సగమే నిజం. కోడికి పొలం అక్కర్లేదు గానీ పెరడు కావాలి, రాత్రికి గట్టి గూడు కావాలి, వేళకు టీకా కావాలి. ఈ మూడూ వాడకు ఎంతవరకు అందుతున్నాయన్నదే అసలు ప్రశ్న. గుడ్ల కోసం పెరటికోళ్లు పెంచాలనుకునే కుటుంబాలకు, వాళ్లతో కలిసి పనిచేసే కార్యకర్తలకు, విద్యార్థులకు ఉపయోగపడేలా పని వివరాలనూ అడగాల్సిన హక్కులనూ ఇక్కడ ఒకచోట చేర్చాం.

ముందు లెక్క: స్థలం ఎంత, గుడ్లెన్ని

2020 డిసెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం పేదలకు ఇచ్చిన ఇంటిస్థలం గ్రామాల్లో ఒకటిన్నర సెంటు, పట్టణాల్లో ఒక సెంటు. ఒకటిన్నర సెంటు అంటే 72.6 చదరపు గజాలు, సుమారు 653 చదరపు అడుగులు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు కడితే మిగిలేది 313. మెట్లు, స్నానాలగది, నీళ్లతొట్టి, నడవా పోగా వెనక వంద అడుగులు మిగిలితే గొప్ప. ఒక సెంటు స్థలంలో అదే ఇల్లు కడితే అన్నిటికీ కలిపి మిగిలేది 95 చదరపు అడుగులే. తర్వాత వచ్చిన ప్రభుత్వం గ్రామాల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు ఇస్తామంది. కోళ్ల సంగతి అటుంచినా, పెరడు ఉండటానికీ లేకపోవడానికీ మధ్య తేడా ఈ సెంట్లలోనే ఉంది.

వంద అడుగుల పెరడు ఉన్న ఇంటికి అయిదు పెట్టలు సరిపోతాయి. రాత్రి గూటిలో ఒక్కో పెట్టకు ఒకటిన్నర చదరపు అడుగు, పగలు తిరగడానికి కనీసం పది చదరపు అడుగులు లెక్కవేసుకోవాలి.

అయిదు పెట్టలతో ఏమొస్తుంది? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి ఏడాదికి 180 గుడ్లు తినాలని చెబుతుంది. నలుగురున్న ఇంటికి అది 720. కాస్త మేత వేసి, టీకాలు వేయించి పెంచితే ఒక గ్రామప్రియ పెట్ట పెరట్లో ఏడాదికి సుమారు 150 గుడ్లు పెడుతుంది. అయిదు పెట్టలకు 750. అంటే ఇంటికి కావాల్సిన గుడ్లు ఇంట్లోనే వస్తాయి.

ఈ లెక్క ఎందుకంటే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి, అయిదేళ్లలోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. గుడ్డు ఒక్కటే దాన్ని పోగొట్టదు. ఆకుకూర, మాంసం, ఇనుము మాత్రలు కావాలి. కానీ కూలి ఇంట్లో రోజూ అందే మంచి మాంసకృత్తు అంటే గుడ్డే. బడిలో మధ్యాహ్న భోజనంతో వారానికి అయిదు గుడ్లు వస్తాయి. బడి దాటిన ఆడపిల్లకు, కూలికి వెళ్లే తల్లికి, ముసలివాళ్లకు అవి రావు. ఎండాకాలం సెలవుల్లో పిల్లలకూ రావు.

ఏ కోడి పెంచాలి

నాటుకోడి మన వాతావరణానికి అలవాటుపడింది. గద్దను చూసి పరిగెత్తుతుంది, తానే పొదిగి తానే పిల్లల్ని సాకుతుంది. కానీ ఏడాదికి 50–60 గుడ్లే పెడుతుంది. శ్రీకాళహస్తి పేరుతోనే 'కాళస్తి' అనే కోడిజాతి దేశంలో గుర్తించిన నాటుజాతుల జాబితాలో ఉంది. చిత్తూరు సరిహద్దుకు అవతల కోలారు వైపు పెంచే 'ఘాగస్' కూడా ఆ జాబితాలోదే. ఈ జాతుల్ని ఇన్ని తరాలు కాపాడింది ప్రయోగశాలలు కావు. పల్లెల్లో గంపకింద కోళ్లు మూసిన ఆడవాళ్లే.

గుడ్ల కోసమే అయితే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ మేలు. అదే సంస్థ తెచ్చిన వనరాజా గుడ్లకూ మాంసానికీ రెండింటికీ పనికొస్తుంది. అయితే ఒళ్లు బరువు, కుక్కకూ పిల్లికీ తొందరగా చిక్కుతుంది. ఈ రకాలు సాధారణంగా పొదగవు. అందుకే మూడు గ్రామప్రియ పెట్టలు, రెండు నాటుపెట్టలు కలిపి పెంచడం మంచి పద్ధతి. గుడ్లు మొత్తం మీద కొన్ని తగ్గుతాయి గానీ ఏటా పిల్లలకోసం హేచరీ మీద పూర్తిగా ఆధారపడక్కర్లేదు.

పెరటికోళ్ల పిల్లల్ని సాధారణంగా ఆడ, మగ వేరుచేయకుండానే అమ్ముతారు. సగం పుంజులే వస్తాయి, కొన్ని చనిపోతాయి. అయిదు పెట్టలు కావాలంటే 12–15 పిల్లల్ని తెచ్చుకోవాలి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

మన ప్రాంతానికి జనవరి మొదటివారం అనుకూలం. ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్ల ముసురు వెళ్లిపోయి ఉంటాయి. ఎండలు ముదిరేసరికి పిల్లలు గట్టిపడతాయి. జనవరిలో తెచ్చిన పుంజులు మేకి నాలుగు నెలలు దాటి అమ్మకానికి వస్తాయి. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర, ఊరూరా జరిగే గంగజాతర్లు అప్పుడే. నాటుకోడికి ఏడాదిలో మంచి ధర పలికేది ఆ రోజుల్లోనే. పెట్టలు అయిదున్నర, ఆరు నెలలకు, అంటే జూన్ చివరా జూలైలో, బడులు తెరిచాక గుడ్డుకొస్తాయి. పుంజుల డబ్బు పెట్టల మేతకు సరిపోతుంది.

గూడు కట్టే పద్ధతి

అయిదు కోళ్లకు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు ఉంటే చాలు. గూడు నేలకు రెండడుగుల పైన ఉండాలి. ఇలా ఎత్తులో కడితే వానకు తడవదు, రెట్ట కిందకు పడుతుంది, పాము, ముంగిస తేలిగ్గా ఎక్కలేవు.

కాళ్లకు సరుగుడు కట్టెలు, పక్కలకు వెదురు దబ్బలు, పైకప్పుకు పాత రేకు, దానిమీద కొబ్బరిమట్టలు పరిస్తే ఎండ దిగదు. అడుగున వెదురు దబ్బల్ని అరంగుళం నుంచి ముప్పావు అంగుళం ఖాళీతో కొట్టాలి. అంతకన్నా ఖాళీ ఉంటే కోడికాలు ఇరుక్కుంటుంది, తక్కువైతే రెట్ట పేరుకుంటుంది. పొడవు పక్క తూర్పు పడమరగా పెడితే పక్కల ఎండ లోపలికి కొట్టదు. కప్పు చుట్టూ అడుగు ముందుకు ఉండాలి.

పక్కలకు ఇనుపవల బిగిస్తే గాలి ఆడుతుంది. వల కన్నం అరంగుళానికి మించకూడదు. బావురుపిల్లి పంజా పెట్టి లాగేస్తుంది. తలుపుకు గొళ్లెంతోపాటు చిన్న తాళం కూడా ఉండాలి. వాడల్లో కోళ్ల దొంగతనం చిన్న సమస్య కాదు. కాళ్ల కింద పాత డబ్బాల్లో నీళ్లు పోసి పెడితే చీమలు ఎక్కవు. ఆ నీళ్లు వారానికోసారి మార్చకపోతే దోమలు పుడతాయి.

లోపల అడుగెత్తులో రెండంగుళాల మందం కట్టెను అడ్డంగా కట్టాలి. కోడి రాత్రి దానిమీద కూర్చుంటుంది. ఒక్కో కోడికి ఎనిమిది అంగుళాల చోటు లెక్కన నాలుగడుగుల కట్టె అయిదింటికి సరిపోతుంది, కాస్త మిగులుతుంది. గుడ్లు పెట్టడానికి ఒక మూల అడుగు పొడవు, అడుగు వెడల్పున్న పెట్టె పెట్టి ఎండుగడ్డి పరవాలి. నాలుగైదు పెట్టలకు ఒక పెట్టె చాలు. నెలకోసారి గూటికి సున్నం కొట్టాలి. కట్టెల సందుల్లో గోమార్లు దాక్కుని రాత్రిళ్లు రక్తం తాగుతాయి. పెరట్లో ఒక గుంటలో పొయ్యిబూడిద, ఇసుక, ఎండిన వేపాకు పొడి కలిపి పోస్తే కోళ్లే అందులో పొర్లి పేలు దులుపుకుంటాయి.

పిల్లల పెంపకం: మొదటి ఆరు వారాలు

తల్లి లేని పిల్లలకు వెచ్చదనమే ప్రాణం. మొదటివారం 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. పిల్లకు రెండు వాట్లు లెక్కన పాతరకం బల్బు సరిపోతుంది. 15 పిల్లలకు 40 వాట్ల బల్బు చాలు. ఎల్‌ఈడీ బల్బు వేడినివ్వదు. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుంపుగా మూగితే చలి, దూరంగా గోడల వైపు పోయి నోళ్లు తెరిస్తే వేడి, అంతటా సర్దుకుని తిరుగుతుంటే సరిగ్గా ఉన్నట్టు. తిరుపతి కంటే పలమనేరు, కుప్పం వైపు జనవరి రాత్రులు చల్లగా ఉంటాయి. అక్కడ గోనెపట్టాలు కప్పి గాలి ఆడే సందు వదలాలి.

మొదటి రెండు రోజులు కాగితం పరిచి నూకలు, మెత్తగా నలగ్గొట్టిన మొక్కజొన్న చల్లాలి. తర్వాత పిల్లలదాణా పెట్టాలి. లోతులేని పళ్లెంలో నీళ్లు పోసి గులకరాళ్లు వేస్తే పిల్లలు పడి మునగవు.

నాటుపెట్టతో పొదిగించేవాళ్లు వారంలోపు పెట్టిన గుడ్లనే వాడాలి, ఎండాకాలంలో అయితే మూడు నాలుగు రోజుల్లోపువి. ఒక పెట్టకింద 10–12 గుడ్లు చాలు. ఏడోరోజు రాత్రి టార్చి వెలుగులో చూస్తే రక్తనాళాలు కనిపించినవి మంచివి. ఏమీ లేనివి తీసేయాలి. 21 రోజులకు పిల్లలవుతాయి. మొదటి నాలుగు వారాలు తల్లినీ పిల్లల్నీ గంపకింద ఉంచి, మనిషి ఉన్నప్పుడే వదలాలి. పిల్లల్ని ఎక్కువగా మింగేవి గద్ద, కాకి, పిల్లి.

మేత: ఇంట్లో ఉన్నదానితో

గుడ్డుపెట్టే కోడికి రోజుకు వంద గ్రాములకు పైగా మేత కావాలి. పెరట్లో పురుగూ గడ్డీ ఏరుకున్నది పోగా మనం 40–50 గ్రాములు పెట్టాలి. అయిదు కోళ్లకు రోజుకు పావుకిలో. రాగులు, సజ్జలు, నూకలు, తవుడు, మునగాకు, ఇంట్లో మిగిలిన సంగటి అన్నీ పనికొస్తాయి. మట్టికుండలో తడిపిన పేడ, గడ్డి పెట్టి చెదలున్న చోట రాత్రి బోర్లిస్తే తెల్లారేసరికి చెదలు పడతాయి. పిల్లలకు అంతకుమించిన మాంసకృత్తు లేదు.

మన జిల్లాల్లో వేరుశనగ చెక్క సులువుగా దొరుకుతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. తేమ తగిలి బూజుపట్టిన చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. అది కోడి కాలేయాన్ని పాడుచేస్తుంది. వాసన మారిన చెక్కను ఎండబెట్టి వాడటం కూడా ప్రమాదమే. ఎండినా విషం పోదు.

గుడ్డుపెంకు పల్చబడిందంటే సున్నం చాలలేదని అర్థం. నత్తగుల్లల పొడి, కడిగి ఎండబెట్టి దంచిన గుడ్డుపెంకులు ఒక చిప్పలో వేరుగా పెడితే కావాల్సినంత కోడే తింటుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం గూటిమీద తడిగోనె వేసి, మట్టిచట్టిలో చల్లని నీళ్లు పెట్టాలి. మేత తెల్లవారుజామున, చల్లబడ్డాక వేయాలి.

కొక్కెర తెగులు, మిగతా జబ్బులు

వాడల్లో కోళ్లపెంపకాన్ని ఎక్కువగా దెబ్బతీసేది కొక్కెర తెగులే. కోడి మెడ వాల్చి కునుకుతుంది, పచ్చగా తెల్లగా పారుతుంది, మెడ మెలి తిరుగుతుంది, రెండు మూడు రోజుల్లో వాడంతా ఖాళీ అవుతుంది. దీనికి మందు లేదు, టీకా ఉంది. వేయించాల్సిన వరుస ఇది:

మొదటి రోజు: మారెక్స్ టీకా. హేచరీలోనే వేశారో లేదో అడగాలి.
5–7 రోజులు: కొక్కెరకు లసోటా లేదా ఎఫ్1, కంట్లో ఒక చుక్క.
14వ రోజు: గంబోరో టీకా.
28వ రోజు: లసోటా మళ్లీ.
6–7 వారాలు: కోళ్ల మశూచికి టీకా.
8–10 వారాలు: ఆర్2బి, రెక్క కింద సూది. పెద్ద కోళ్లకు ఆరు నెలలకోసారి.

వీటితోపాటు మూడు నెలలకోసారి నట్టల మందు తాగించాలి. కొత్తగా తెచ్చిన కోడిని రెండు మూడు వారాలు విడిగా ఉంచాలి. చచ్చిన కోడిని కాలువలో వేయకూడదు, కోసుకోకూడదు, అమ్మకూడదు. మూడడుగుల గోతిలో సున్నం వేసి పూడ్చాలి.

వాడకు టీకా అందకపోవడానికి కారణాల్లో ఒకటి సీసాలోనే ఉంది. ఒక సీసాలో వంద నుంచి వెయ్యి మోతాదుల టీకా ఉంటుంది. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, అంతవరకూ మంచులో ఉండాలి. అయిదు కోళ్లున్న మనిషి ఒక్కతే ఆసుపత్రికి వెళ్తే "మీ అయిదింటికోసం సీసా తెరవలేం" అనే జవాబు వస్తుంది. వాడంతా ఒకే తేదీ పెట్టుకుని, తెల్లవారుజామున కోళ్లు గూట్లో ఉండగానే వేయించుకుంటే ఆ జవాబు చెల్లదు.

ఇది చేసి చూపిన అనుభవాలున్నాయి. తూర్పుగోదావరి ఏజెన్సీలో 'ఆంత్ర' సంస్థతో కలిసి ఆదివాసీ ఆడవాళ్లు అసీల్ కోళ్లను కాపాడుకున్నారు. తామే టీకాలు వేయడం నేర్చుకున్నారు. కోళ్లు పోయిన ఇంటికి ఇంకో ఇల్లు పెట్టను ఇచ్చి, పుట్టిన పిల్లల్ని పంచుకునే 'వాట' అనే పాత పద్ధతిని మళ్లీ వాడుకలోకి తెచ్చారు. బంగ్లాదేశ్‌లో 1980ల నుంచి బ్రాక్ సంస్థ పల్లెకో పేద మహిళకు టీకా పని నేర్పి, కోడికింత అని రుసుం తీసుకునే ఏర్పాటు చేసింది. మన వాడల్లో కూడా డిగ్రీ చదువుతున్న ఆడపిల్లలు ఈ పని నేర్చుకోగలరు. తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, 2005 నుంచి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. వాడల్లో శిక్షణ పెట్టమని అడగడానికి ఇంతకన్నా దగ్గర చోటు ఏముంటుంది?

బర్డ్‌ఫ్లూ సంగతి వేరు. 2024 ఫిబ్రవరిలో తిరుపతి జిల్లా పక్కనే ఉన్న నెల్లూరు జిల్లాలో అది బయటపడింది. ఉన్నట్టుండి ఎక్కువ కోళ్లు చనిపోతే చేత్తో ముట్టుకోకుండా గ్రామ పశుసంవర్ధక సహాయకుడికి, లేదా 1962కు ఫోన్ చేయాలి. పరిహారం ఇచ్చేది అధికారులు చంపిన కోళ్లకే. అంతకుముందే చచ్చినవాటికి ఇవ్వరు. భయపడి దాచిపెడితే మనుషుల ఆరోగ్యమూ పోతుంది, పరిహారమూ పోతుంది.

అమ్మకం: గుడ్డుకు అంటరానితనం

2006లో పుస్తకంగా వచ్చిన 'అన్‌టచబిలిటీ ఇన్ రూరల్ ఇండియా' అధ్యయనం 11 రాష్ట్రాల్లోని 565 గ్రామాలను పరిశీలించింది. దాదాపు సగం గ్రామాల్లో దళితులు పాలు అమ్ముకోవడానికి అడ్డంకులున్నాయని తేల్చింది. అందులో మన రాష్ట్రమూ ఉంది. కోళ్లు, గుడ్ల అమ్మకాన్ని ఊరి దయమీద ఆధారపడకుండా కట్టుకోవాలని ఆ అనుభవం చెబుతోంది. మొదటి వాటా ఇంటి పిల్లలది. మిగిలింది వాడలోనే అమ్మాలి. ఇంకా మిగిలితే పది ఇళ్లు కలిసి పట్టణానికి పంపాలి.

చిత్తూరు పేరు జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ రోజూ ఇచ్చే ధరల పట్టికలో ఉంటుంది. ఆ ధర వేల కోళ్ల ఫారాల తెల్లగుడ్డుది. నాటుగుడ్డు దానికి కట్టుబడక్కర్లేదు. హైవే హోటళ్లలో రాగిసంగటి, నాటుకోడి పులుసు పేరుమీద జరుగుతున్న వ్యాపారంలో కోడిని పెంచిన ఆమెకు దక్కేదెంతో వాడవాళ్లే లెక్కతీసి చూడాలి.

అడగాల్సినవి

పథకాల దారి గత పదేళ్లలో మారింది. జాతీయ పశుసంపద మిషన్‌లో అంతకుముందు పేద కుటుంబానికి నాలుగు వారాల పిల్లలు 45 ఇచ్చేవారు. 2021లో మార్చాక వెయ్యి కోళ్ల ఫారం, హేచరీ పెట్టే వ్యాపారికి 50 శాతం, గరిష్ఠంగా 25 లక్షల రూపాయల రాయితీ వచ్చింది. సొంత భూమో కౌలు భూమో, బ్యాంకు రుణమో చూపించాలి. అయిదు కోళ్ల ఆమె ఈ మార్పులో తప్పిపోయింది.

కాబట్టి గ్రామసభలో రాతపూర్వకంగా అడగాల్సినవి ఇవి. ఒకటి, గూడు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం మొదటి షెడ్యూలు ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు సొంత ఆస్తిగా కోళ్ల షెడ్డు కట్టివ్వవచ్చని రాసింది. పథకం పేరు మారినా ఈ పని జాబితాలోంచి జారిపోకుండా పట్టుబట్టాలి. రెండు, మూడు నెలలకోసారి వాడలో టీకా రోజు. మూడు, ఎస్సీ మహిళా సంఘం చేతిలో పిల్లల్ని ఆరు వారాలు పెంచి ఇచ్చే కేంద్రం. దీనికి 2013 నాటి ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం కింద నిధులు అడగవచ్చు. నాలుగు, పెరడు లేని ఇళ్లకోసం వాడ పక్కన ఉమ్మడి స్థలం.

మండల పశుసంవర్ధక కార్యాలయం ఎన్ని కోడిపిల్లల్ని, ఎన్ని టీకాలను ఏ వాడకు ఇచ్చిందో సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుం లేదు. విద్యార్థులు ఒక మండలానికి ఈ పట్టిక తయారుచేసినా అది మంచి పరిశోధన అవుతుంది.

గొడవ వస్తే

కోళ్లు పక్క పొలంలోకి వెళ్లాయని ఊరికీ వాడకీ మాట పెరుగుతుంది. వేరుశనగ విత్తే రోజుల్లో మందు కలిపిన విత్తనం తిని కోళ్లు చనిపోవడమూ ఉంది. ఆ నెలలో కోళ్లను మధ్యాహ్నం దాకా గూట్లోనే ఉంచితే కోళ్లూ దక్కుతాయి, గొడవా తప్పుతుంది. కావాలని విషం పెడితే అది భారతీయ న్యాయసంహిత 325వ సెక్షన్ కింద నేరం. కులాన్ని బట్టి వృత్తినో వ్యాపారాన్నో అడ్డుకోవడం, సాంఘిక బహిష్కరణ చేయడం 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1) సెక్షన్ కింద నేరాలు. చచ్చిన కోళ్లను పూడ్చేముందు ఫొటోలు తీసి, పశువైద్యుడితో పరీక్ష చేయించి కాగితం తీసుకోవాలి. ఆ కాగితం లేకపోతే కేసు నిలవడం కష్టం.

అయిదు కోళ్లు భూమికి బదులు కావు. భూమి అడిగిన వాడకు కోడిపిల్లలు పంచి చేతులు దులుపుకుంటామంటే ఒప్పుకోనక్కర్లేదు. భూమి పోరాటం సాగుతుండగానే ఇంట్లో పిల్లలకు ఈ ఏడాది గుడ్డు కావాలి, తల్లి చేతిలో నాలుగు డబ్బులు ఉండాలి. అందుకు జనవరిలో పదిహేను పిల్లలు, ఒక గూడు, వాడంతటికీ ఒక టీకా తేదీ చాలు. మొదట ఆ తేదీ పెట్టుకోండి.